మా అమ్మ పేరుకు రాయి చాల్లేదా?

(పల్లెలో కూలిన స్తూపాన్ని తిరిగి కట్టే విషయమై జరిగిన సభలో ఒక ఉపాధ్యాయ మిత్రుడు చేసిన ప్రసంగ పాఠం. మాట్లాడిన తీరు చెడకుండా అచ్చు వేస్తున్నాం. - సం.)

 

ముందే ఒక మాట చెప్పుకుంటా. నేను కళాకారుణ్ణి కాను. బోర్డు మీద ఆవు బొమ్మ గీసి, అది ఆవని పిల్లలకు తెలియడం కోసం కింద 'ఆవు' అని రాసే బాపతు వాణ్ణి. అట్టాంటి వాణ్ణి పట్టుకొచ్చి ఇవాళ స్తూపాల గురించీ శిల్పాల గురించీ మాట్లాడమన్నారు. దీనికి కారణం మన పల్లె పిల్లే. హైదరాబాదులో బొమ్మల చదువు చదువుతున్న మన పిల్ల పోయిన సంక్రాంతికి వచ్చినప్పుడు నా చేతిలో తన ఫోను పెట్టి, "మాస్టారూ, దేశదేశాల్లో చచ్చిపోయినోళ్ళ కోసం ఏమేం కడుతున్నారో చూడండి, తర్వాత మన స్తూపం సంగతి మాట్లాడదాం" అంది. చూశాను. నాలుగు రాత్రులు నిద్ర పట్టలేదు. ఎందుకు పట్టలేదో చెప్పడానికే నిలబడ్డా.

రోడ్డు వెడల్పు చేసినప్పుడు మన స్తూపం పోయిన సంగతి మీ అందరికీ తెలుసు. ముక్కలు చర్చి అరుగు పక్కన పడి ఉన్నాయి. పిల్లలు వాటి మీద కూచుని చింతకాయలు కొట్టుకుంటున్నారు. కమిటీ చందాలు పోగేసింది. ఇప్పుడు తగువు ఏం కట్టాలన్న దాని మీద. కుర్రాళ్ళు పాతిక అడుగుల ఎత్తు కావాలంటున్నారు. పెద్దలు ఆర్చి కట్టి దాని మీద నాయకుల బొమ్మలు పెట్టాలంటున్నారు. రెండూ మనం ఊళ్ళో చూసినవే. ఊరోడి ఆర్చి పది అడుగులైతే మనది పన్నెండు ఉండాలి. ఆ పట్టుదల నాకూ ఉంది, లేదనను. కానీ ఎత్తు గురించి తేల్చే ముందు తేల్చాల్సింది ఇంకోటి ఉంది.

చిన్నపిల్లలకు తెలియదు కాబట్టి పాత సంగతి చెబుతా. నేను ఐదో తరగతి చదివే ఏడు. మన శ్మశానానికి పోయే డొంకను ఒక మోతుబరి గట్టు జరిపి తన చేలో కలుపుకున్నాడు. శవాన్ని మోసుకుపోవాలంటే మోకాటి లోతు బురదలో, నారుమడి తొక్కకుండా పోవాలి. తొక్కితే తగువు. ఆ ఏడు వానల్లో ఒక ముసలాయన పోతే పాడెను గట్టు దాటనివ్వలేదు. మనవాళ్ళు పలుగూ పారా తెచ్చి గట్టు తవ్వి, శవాన్ని దాటించి, పూడ్చి వచ్చారు. ఆ రాత్రి పల్లె మీద పడ్డారు. ఇద్దరు మగాళ్ళు అక్కడికక్కడే పోయారు. వాళ్ళలో ఒకాయన భార్య మొగుడికి అడ్డం పడింది. కర్ర దెబ్బ నెత్తి మీద పడింది. ఆసుపత్రిలో కుట్లు వేసి ఇంటికి పంపారు. నాలుగు నెలలు మంచంలో ఉంది. మాట పడిపోయింది. ఒక రోజు తెల్లారేసరికి లేదు. కేసు కాయితాల్లో ఆమె 'గాయపడినవారు'. చావుల రిజిస్టరులో 'జబ్బు'.

ఆమె నాకు వరసకు పెద్దమ్మ.

నేను డిగ్రీ పాసై వచ్చిన ఏడు స్తూపం కట్టారు. పల్లెలో మొదటి డిగ్రీ వాణ్ణి. "ఒరే, నువ్వు చదువుకున్నోడివి, రాయి మీద ఏం రాయాలో నువ్వే రాసియ్" అన్నారు. తెల్లకాయితం మీద గుండ్రంగా రాసిచ్చా. చనిపోయినోళ్ళ పేర్లు రెండు. చందాదారుల పేర్లు పదకొండు. ఆవిష్కరించినోళ్ళూ ముఖ్య అతిథులూ కలిపి ఆరు. రాయి చెక్కించి నిలబెట్టాం. డప్పులు కొట్టాం. సభ అయిపోయి అందరూ పోతుంటే, పెద్దమ్మ కూతురు, నా కంటే నాలుగేళ్ళు పెద్ద, రాయి దగ్గర నిలబడి నన్ను పిలిచింది. ఆమెకు చదువు రాదు. అయినా రెండు గీతల్లో ఉన్నది రెండు పేర్లేనని తెలుసుకుంది.

"తమ్ముడా, మా అమ్మ పేరుకు రాయి చాల్లేదా?" అంది.

నేనేమన్నానో తెలుసా? "అక్కా, ఆ రోజు పోయినోళ్ళ పేర్లే రాయాల. కేసులో కూడా అట్టానే ఉంది" అన్నా. పోలీసోడి కాయితం చూసి మా పెద్దమ్మ చావును లెక్కగట్టాను. చదువు నాకు నేర్పిన మొదటి పని అదీ!

అక్క మళ్ళీ అడగలేదు. కానీ ప్రతి ఏడూ ఆ రోజున వచ్చి, రాయి ముందు కాదు, రాయి వెనక, రాత లేని వైపు కొవ్వొత్తి పెట్టి పోయేది. ఇరవై ఏళ్ళకు పైగా చూశా. చూసి తల తిప్పుకున్నా.

ఇది మనసులో పెట్టుకుని నేను చూసిన సంగతులు వినండి.

మొదటిది అమెరికా రాజధాని వాషింగ్టన్‌లో ఉంది. వియత్నాం మీద అమెరికా యుద్ధం చేసింది గదా. ఆ యుద్ధంలో పోయిన తమ సైనికుల కోసం ఏం కట్టాలని 1981లో పోటీ పెట్టారు. 1,421 నమూనాలు వచ్చాయి. పేర్లు తెలియకుండా నంబర్లు వేసి చూసి ఒకటి ఎంచారు. తీరా చూస్తే అది మాయా లిన్ అనే 21 ఏళ్ళ పిల్లది. ఇంకా కాలేజీలో చదువుకుంటోంది. చైనా నుంచి వలస వచ్చిన వాళ్ళ బిడ్డ. ఆ పిల్ల గుర్రం మీద సేనాపతిని పెట్టలేదు. జెండా పెట్టలేదు. నేలను కోసి, ఆ కోతలో నల్లరాతి గోడ నిలబెట్టింది. గోడ మీద పేర్లు, పేర్లు, పేర్లు. 58 వేలకు పైగా ఉన్నాయి. ఎవరి హోదా రాయలేదు. కల్నలూ సిపాయీ ఒకటే. అక్షరాల వరసన గాదు, పోయిన రోజుల వరసన. ఒక్క రోజున కలిసి పోయిన నలుగురు కుర్రాళ్ళు రాయి మీద కూడా పక్కపక్కనే ఉంటారు. యుద్ధం మొదట్లో పోయినోళ్ళూ చివర్లో పోయినోళ్ళూ గోడ మధ్య మూల దగ్గర కలుస్తారు. రాయి అద్దంలా ఉంటుంది కాబట్టి పేరు చదివేవాడికి ఆ పేరు వెనక తన మొహం కూడా కనబడుతుంది.

ఆ రాయి ఎక్కడిదనుకున్నారు? మన బెంగుళూరు వైపు నుంచి పోయింది! మన పక్క గుట్టల్లో మన బోటి కూలోళ్ళు పగలగొట్టిన రాయి, సముద్రం దాటి ఎవరి బిడ్డల పేర్లో మోస్తోంది. మన బిడ్డల పేర్లు మోయడానికి మాత్రం మనకు రాయి దొరకదు.

ఆ నమూనాను అక్కడి పెద్దమనుషులు ఊరికే ఒప్పుకోలేదు. "ఇది సిగ్గుచేటు, నల్లరాయి ఏంది, గుంటలో పెట్టడం ఏంది" అని గోల చేశారు. ఆ పిల్ల పుట్టుక మీద కూడా మాటలు పడ్డాయి. చివరికి 1982 నవంబరులో గోడ లేచింది, 1984లో ముగ్గురు సైనికుల కంచు బొమ్మ కూడా పక్కన తెచ్చి పెట్టారు. ఇవాళ జనం పోయేది గోడ దగ్గరికే. ముసలి తల్లులు వచ్చి కొడుకు పేరు వేలితో తడుముతారు. కాయితం పెట్టి పెన్సిలుతో రుద్ది ఆ పేరును ఇంటికి తీసుకుపోతారు.

ఇక్కడ నన్ను కొట్టిన సంగతి వినండి. ఆ గోడ మీద పేర్లు ఆగిపోలేదు. యుద్ధంలో తగిలిన దెబ్బలతో తర్వాతెప్పుడో చనిపోయినవాళ్ళని తేలితే వాళ్ళ పేర్లు కూడా చేరుస్తూ వచ్చారు. తర్వాత పోయినా ఆ దెబ్బతోనే పోయాడు కాబట్టి లెక్కలో ఉంటాడు. యుద్ధం చేసిన సర్కారుకు అంత మాత్రం లెక్క తెలిసింది. నాలుగు నెలలు మంచంలో ఉండి పోయిన మా పెద్దమ్మ విషయంలో నాకా లెక్క తెలియలేదు.

ఆ గోడను నెత్తిన పెట్టుకోమని నేను చెప్పడం లేదు. దాని మీద లేనివాళ్ళు ఎవరు? వియత్నామోళ్ళు. లక్షలకు లక్షల మంది పోయారు. వాళ్ళ పేరు ఒక్కటి లేదు. క్రిస్ బర్డెన్ అనే అమెరికా కళాకారుడికే అది గుచ్చుకుంది. 1991లో పెద్ద పెద్ద రాగి రేకుల మీద 30 లక్షల వియత్నాం పేర్లు చెక్కాడు. అన్ని పేర్లు ఎక్కడ దొరికాయి? దొరకలేదు. టెలిఫోను పుస్తకాల్లోని వియత్నాం పేర్లు తీసుకుని అటూ ఇటూ కలిపి పేర్లు తయారు చేశాడు. ఓడినోడు చస్తే, పేదోడు చస్తే పేరు కూడా కల్పించుకోవాల్సి వస్తుందన్నమాట. మన తాతల చావుల సంగతి తలుచుకోండి. జీతగాడుగా ఉండి పాము కరిచి పోయినోడు, బావి తవ్వుతుంటే మట్టి పెళ్ళ విరిగి పడి పోయినోడు... ఎవరి పేరు ఎక్కడ రాసి ఉంది?

రెండోది మనకు ఇంకా దగ్గరిది. అమెరికాలోనే అలబామా రాష్ట్రం, మాంట్‌గోమరీ పట్నం. బానిసత్వం పోయిన తర్వాత కూడా నల్లవాళ్ళను తెల్లవాళ్ళు గుంపుగా వచ్చి పట్టుకుపోయి చెట్లకు ఉరి తీసేవాళ్ళు. జాతర చూసినట్టు జనం వచ్చి చూసేవాళ్ళు. 1877 నుంచి 1950 దాకా 4,400 మందికి పైగా అట్టా పోయారని అక్కడి లాయర్ల సంస్థ ఒకటి ఊరూరా తిరిగి లెక్క తీసింది. పాత పేపర్లు తిరగేసి, కోర్టు రికార్డులు చూసి పేరు పేరునా రాసింది. 2018 ఏప్రిల్‌లో ఆరెకరాల్లో స్మారకం తెరిచారు.

ఎట్టా కట్టారో చెబుతా. తుప్పు రంగు ఇనుప దిమ్మెలు 800కు పైగా ఉన్నాయి. ఒక్కోటి ఆరడుగులు, మనిషంత. ఒక్కో దిమ్మె ఒక్కో కౌంటీది, అంటే మన జిల్లా లాంటిది. ఆ జిల్లాలో చంపబడినోళ్ళ పేర్లు దాని మీద ఉంటాయి. లోపలికి పోయేటప్పుడు దిమ్మెలు నీ ఎదురుగా నీ ఎత్తున నిలబడి ఉంటాయి. నడుస్తుంటే కింద నేల మెల్లగా పల్లంలోకి పోతుంది. దిమ్మెలు మాత్రం పైనే ఉంటాయి. నాలుగడుగులు వేసేసరికి నీ ఎదురుగా ఉన్నవి నీ తల మీద వేలాడుతుంటాయి. అప్పుడు తెలుస్తుంది, ఇవి స్తంభాలు కావు, చెట్టుకు వేలాడిన మనుషులని. తల ఎత్తి చూసే నువ్వు ఎవరివి? ఆ రోజు గుంపులో నిలబడి చూసినోడివా, వేలాడినోడి బిడ్డవా? ఆ ప్రశ్న నిన్ను అక్కడే నిలబెడుతుంది. ఇది కళ. దీనికి చదువు అక్కర్లేదు. మెడ ఉంటే చాలు.

ఎందుకు చంపారో కూడా అక్కడ రాసి పెట్టారు. 1940లో లువర్న్ అనే ఊళ్ళో ఒకాయన్ని చంపారు. ఆయన చేసిన తప్పు, తెల్ల పోలీసును పేరుకు ముందు 'మిస్టర్' అని పెట్టకుండా పిలవడం. అర్థమైందా అమ్మా? 'దొరా' అనలేదని! 'అయ్యా' అనలేదని! ఈ మాట చదివినప్పుడు అది వేరే దేశమని నాకు అనిపించలేదు. అంబేద్కర్ బాబాసాహెబ్‌కు కూడా అనిపించలేదు. ఆయన 1946లోనే నల్లజాతి మేధావి డుబోయిస్‌కు ఉత్తరం రాశాడు. మీరు ఐక్యరాజ్య సమితికి పెడుతున్న అర్జీ గురించి మాకూ తెలియజేయండని అడిగాడు. ఈ చుట్టరికం అప్పటిది.

ఇంకో మూడు సంగతులు. ఒకటి, పేరు దొరకని వాళ్ళను వదిలెయ్యలేదు. 'తెలియదు' అని చెక్కారు. తెలియనివాళ్ళందరి కోసం నీళ్ళు జారే గోడ ఒకటి కట్టారు. రెండు, ప్రతి దిమ్మెకూ జోడు దిమ్మె ఒకటి చేసి బయట పడుకోబెట్టారు. ఎందుకు? ఆ జిల్లావాళ్ళు వచ్చి, "ఔను, మా ఊళ్ళో ఈ పాపం జరిగింది" అని ఒప్పుకుని తీసుకుపోయి తమ ఊళ్ళో నిలబెట్టుకోవాలని. తీసుకుపోనోళ్ళ దిమ్మె అక్కడే పడి ఉంటుంది. ఎవరు ఒప్పుకున్నారో ఎవరు ఒప్పుకోలేదో లోకం చూస్తుంది. మనం మన పల్లెలో స్తూపం కట్టుకుంటే సరిపోతుందా? చంపినోడి ఊరి నడిమధ్యన ఏం ఉంది? ఈ ప్రశ్న వాళ్ళు అడిగారు, మనం ఇంకా అడగలేదు.

మూడోది మట్టి. చంపబడిన మనిషి మనవలూ మునిమనవలూ, లేకపోతే ఆ ఊరి జనం, ఆ చోటికి పోయి అక్కడి మట్టి తవ్వి గాజు జాడీలో పోసి, మీద పేరూ ఊరూ తేదీ రాశారు. అట్టాంటి జాడీలు వందలు అదే పట్నంలో మ్యూజియంలో అరల మీద వరసగా ఉన్నాయి. ఒకటి ఎర్రమట్టి, ఒకటి నల్లరేగడి, ఒకటి ఇసక. ఫోనులో ఆ బొమ్మ చూసి నేను ఏడ్చాను. మన అమ్మలు ఎవరన్నా పోతే దోసిట మట్టి పోసి రాగం తీసి ఏడుస్తారు గదా. పోయినోడు ఎట్టా పుట్టాడు, ఏం తిన్నాడు, ఎవరికి అప్పున్నాడు, ఎవరు కొట్టారు, అన్నీ ఆ ఏడుపులో ఉంటాయి. అది చదువురానోళ్ళ చరిత్ర పుస్తకం. మా నాయనమ్మ ఏడుపులో విన్నంత చరిత్ర నేను బి.ఎడ్.లో వినలేదు. ఆ ఏడుపులు ఎవరూ రాసుకోలేదు. ఏడ్చినోళ్ళు పోయారు, ఏడుపూ పోయింది.

మూడో దేశం జర్మనీ. హిట్లరు యూదుల్ని, రోమా జనాన్ని, ఇంకా ఎందరినో ఇళ్ళలోంచి ఈడ్చుకుపోయి చంపించాడు. గుంటర్ డెమ్నిగ్ అనే కళాకారుడు 1992లో ఒక పని మొదలెట్టాడు. అరచేతంత ఇత్తడి రేకు. పది సెంటీమీటర్ల పొడవు, పది వెడల్పు. దాని మీద ఫలానా మనిషి ఇక్కడ ఉండేవాడు, ఫలానా ఏడు పుట్టాడు, ఫలానా చోట చంపబడ్డాడు అని రాసి, ఆ మనిషి చివరగా ఉన్న ఇంటి ముందు కాలిబాటలో పాతుతాడు. 2023లో లక్షవ రాయి పడింది. ఒకే పెద్ద విగ్రహం గాదు, లక్ష చిన్న రాళ్ళు. చదవాలంటే నడుం వంచాలి. ఇత్తడి కాబట్టి నల్లబడుతుంది. చుట్టుపక్కలోళ్ళు వచ్చి తోముతారు. మన ఇళ్ళల్లో పండక్కి బిందెలు తోముకున్నట్టు.

దీని మీద కూడా తగువు వచ్చింది. మ్యూనిక్ నగరంలో అక్కడి యూదు పెద్దలు కొందరు, "బతికుండగా మా వాళ్ళను తొక్కారు, ఇప్పుడు పేర్లు కూడా కాళ్ళ కింద వేస్తారా" అన్నారు. నగరపాలక సంస్థ వీధుల్లో ఆ రాళ్ళు వద్దంది. 2018 నుంచి అక్కడ గోడల మీద, స్తంభాల మీద, కంటి ఎత్తున రేకులు పెడుతున్నారు. ఎవరిది ఒప్పు? నేనైతే మ్యూనిక్ పెద్దల వైపే. చెప్పుల్లేకుండా ఊళ్ళో నడిచిన జాతి మనది. కాలు ఎక్కడ పెట్టాలో, పేరు ఎక్కడ ఉండాలో మనకు ఒకరు చెప్పక్కర్లేదు. మన వాళ్ళ పేరు కంటి ఎత్తున ఉండాలి. కానీ డెమ్నిగ్ దగ్గర నేర్చుకోవాల్సింది ఒకటుంది. దుఃఖాన్ని సెంటరులో ఒక్కచోట పెట్టి తాళం వెయ్యగూడదు. ఇంటి ముందుకు తేవాలి. తోమే చేతులు ఉండాలి. మన స్తూపాన్ని ఏడాదికి ఒక్కరోజు కడిగాం, మిగతా రోజులు గేదెను కట్టేశాం.

నాలుగోది కొలంబియా. దక్షిణ అమెరికాలో ఉంది. అక్కడ యాభై ఏళ్ళకు పైగా అంతర్యుద్ధం. 2016లో సర్కారుకూ ఫార్క్ గెరిల్లాలకూ ఒప్పందం కుదిరింది. ఆయుధాలు అప్పగించారు. ఆ ఆయుధాలు కరిగించి స్మారకం కట్టాలని ఒప్పందంలోనే రాసుకున్నారు. రాజధాని బొగోటాలో కట్టే పని డోరిస్ సాల్సెడో అనే కళాకారిణికి ఇచ్చారు. 37 టన్నుల తుపాకుల లోహం! ఇంకోడైతే ఆకాశమంత స్తంభం పోసేవాడు. ఆమె ఏమంది? తుపాకులకు గుడి కట్టను, నేల పరుస్తానంది. కరిగించి పలకలు పోసి పరిచింది. ఇప్పుడు ఎవరైనా వచ్చి ఆ తుపాకుల మీద నిలబడతారు.

ఆ పలకలకు అచ్చులు ఎవరు చేశారో వినండి. ఆ యుద్ధంలో మానభంగానికి గురైన ఆడవాళ్ళు. వాళ్ళ చేతికి సుత్తులిచ్చారు. లోహపు రేకుల మీద కొట్టమన్నారు. ఏళ్ళ తరబడి గొంతులో ఉన్నది చేతుల్లోకి వచ్చింది. వాళ్ళు కొట్టిన సొట్టలే అచ్చులయ్యాయి. ఆ నేల మీద నున్నదనం లేదు, దెబ్బ దెబ్బా కనబడుతుంది. 2018లో తెరిచారు. దేశం మొత్తం ఇప్పుడు ఆ ఆడవాళ్ళ దెబ్బల మీద నిలబడి మాట్లాడాలి. దాడి జరిగితే మన మగాళ్ళకు స్తూపం లేస్తుంది. మన ఆడవాళ్ళకు? కేసులో సాక్షి, సభలో శ్రోత, స్తూపం దగ్గర కొవ్వొత్తి. అంతేగా?

కారంచేడు తలుచుకోండి. 1985 జూలై 17. మంచినీళ్ళ చెరువు దగ్గర గేదెల కుడితి బకెట్లు కడగొద్దన్నందుకు వచ్చిన తగువు. అక్కడ మొదట బిందె ఎత్తి ఎదురు నిలబడింది ఒక ఆడమనిషి, మున్నంగి సువార్త. ఆరుగురు మాదిగ బిడ్డల్ని చంపారు. సాక్షిగా నిలబడిన దుడ్డు అలీసమ్మను తర్వాత చంపారు. ఆరుగురు అని లెక్క చెప్పి ఆగిపోతే అలీసమ్మ ఎక్కడికి పోవాలి? చుండూరు తలుచుకోండి. 1991 ఆగస్టు 6. ఎనిమిది మందిని నరికి గోనె సంచుల్లో కుక్కి కాలవలో పడేశారు. మనవాళ్ళు ఏం చేశారు? శవాల్ని ఊరవతల శ్మశానానికి పంపలేదు. ఊరి నడుమే పూడ్చారు. ఆ చోటుకు రక్తక్షేత్రం అని పేరు పెట్టారు. ఏ కళాశాలలో నేర్చుకుని చేశారు ఆ పని? ఊరు వెలివేసిన వాణ్ణి ఊరి నడుమ పూడ్చడం కంటే పెద్ద శిల్పం ఏముంది?

అంతకంటే వెనక్కి పోతే భీమా కోరేగావ్. 1818 జనవరి 1 నాటి యుద్ధానికి ఇంగ్లీషోళ్ళు తమ గెలుపు కోసం స్తంభం కట్టుకున్నారు. దాని మీద పోయినోళ్ళ పేర్లలో 22 మంది మహర్లు ఉన్నారు. 1927 జనవరి 1న బాబాసాహెబ్ అక్కడికి పోయాడు. అప్పటి నుంచి అది ఇంగ్లీషోడి స్తంభం గాదు, మనది. ఏటా లక్షల జనం పోతున్నారు. రాయి కట్టినోడిది గాదు, దాని దగ్గర కూడేవాళ్ళది. కూడటం మానేస్తే ఎంత ఎత్తు రాయైనా పావురాలదే.

"మాస్టారూ, అయితే ఎత్తు విగ్రహాలు వద్దంటావా?" అని కుర్రాళ్ళు అడుగుతారు. అననురా తమ్ముడూ. 2023 ఏప్రిల్ 14న హైదరాబాదులో, 2024 జనవరి 19న విజయవాడలో 125 అడుగుల అంబేద్కర్ లేచి నిలబడ్డాడు. నేను విజయవాడ పోయి చూశా. మెడ నొప్పి పుట్టేదాకా చూశా. తల దించుకుని నడిచిన మా నాయన కొడుకు తల ఎత్తి చూశాడు, అది చాలు. ఆ ఎత్తు అవసరం. కానీ ఆత్మగౌరవానికి కట్టేది వేరు, దుఃఖానికి కట్టేది వేరు. ఒకటి తల ఎత్తిస్తుంది. ఇంకోటి తల దించి పేరు చదివిస్తుంది. రెండోదాన్ని మొదటి దాని కొలతతో కొలిస్తే, నేను చేసిన తప్పే మళ్ళీ చేస్తాం. ఎత్తు పెరుగుతుంది, పేరు పోతుంది.

ఇంకో మాట కూడా దాచకూడదు. స్మారకం న్యాయం గాదు. చుండూరులో ఊళ్ళోనే ప్రత్యేక కోర్టు పెట్టించుకుని, 2007లో 21 మందికి యావజ్జీవం వేయించుకున్నాం. 2014 ఏప్రిల్‌లో హైకోర్టు అందరినీ వదిలేసింది. రక్తక్షేత్రం అక్కడే ఉంది, తీర్పు మాత్రం కొట్టేశారు. రాయి ఉంది గదా అని ఊరుకుంటే రాయి మనకు నిద్రమాత్ర అవుతుంది. ఈ సంగతి జర్మనీలో హార్బుర్గ్ అనే చోట ఇద్దరు కళాకారులు, యోఖెన్ గెర్జ్, ఎస్తేర్ షాలెవ్ గెర్జ్, భలే చెప్పారు. 1986లో 12 మీటర్ల స్తంభం నిలబెట్టి, ఫాసిజానికి వ్యతిరేకంగా ఉన్నోళ్ళు దీని మీద సంతకం గీకండన్నారు. గీకిన మేర నిండినకొద్దీ స్తంభాన్ని భూమిలోకి దించుకుంటూ పోయారు. 1993 నాటికి మొత్తం దిగిపోయింది. వాళ్ళు చెప్పింది ఏందంటే, అన్యాయం మీద మన తరఫున రాయి లేచి నిలబడదు, మనమే నిలబడాలి.

ఇక మన సంగతి. కమిటీ ముందు నేను పెట్టేవి ఇవి.

చనిపోయిన వాళ్ళ పేర్లు పెద్ద అక్షరాల్లో, కంటి ఎత్తున ఉండాలి. చందాలు ఇచ్చినోళ్ళ పేర్లు రాయి మీద వద్దు, లెక్కల పుస్తకంలో రాద్దాం. నా పేరుతో సహా. ఆవిష్కరించడానికి మంత్రీ వద్దు, ఎమ్మెల్యే వద్దు. తెర తీసేది పోయినోళ్ళ బిడ్డలు. మన పిల్ల వేసిన నమూనాలో శ్మశానం దారి గట్టు మట్టి రాయి కింద పోయాలని ఉంది. ఆ గట్టు మట్టి ఎవరు తవ్వి తెస్తారో ఇప్పుడే చేతులెత్తండి. రాయి వెనక వైపు కొంత ఖాళీ ఉంచుదాం. ఇంకా మనం మరిచిపోయిన చావులు ఉంటాయి, ముసలమ్మల్ని అడిగి నేనూ బడి పిల్లలూ రాసుకొస్తాం. ముసలమ్మలు వెళ్ళిపోకముందే రాయాలి. పేరు దొరక్కపోతే 'పేరు తెలియదు' అని చెక్కుదాం, అదీ నిజమే గదా.

ఇంకొకటి ఉంది. ఇది కమిటీకి గాదు, అక్కకు. నిన్న సాయంత్రం అక్క ఇంటికి పోయా. ఇన్నేళ్ళకు పోయా. అరుగు మీద కూచుని, "అక్కా, పెద్దమ్మ పేరు రాయకపోవడం నా తప్పు. కేసు చూసి రాశా, నిన్ను చూసి రాయలేదు" అన్నా. అక్క చాలాసేపు బియ్యంలో రాళ్ళు ఏరుతూనే ఉంది. తర్వాత, "రాయి వెనక చీకట్లో కొవ్వొత్తి పెట్టి పెట్టి నాకు అలవాటై పోయిందిరా తమ్ముడా. ముందుకు రమ్మంటే ఇప్పుడు సిగ్గేస్తంది" అంది. ఆ మాట నన్ను కొట్టినట్టు ఎవరూ కొట్టలేదు.

ఈ ప్రసంగం పత్రికలో వేస్తారట. పెద్దమ్మ పేరు వెయ్యమంటావా అని అడిగా. వద్దంది. "ముందు రాయి మీద. తర్వాతే కాయితం మీద" అంది. కాబట్టి ఇప్పుడు మీ ముందు నోటితో ఆ పేరు చెబుతా, పత్రికవాళ్ళు రాసుకోవద్దు. వినండి, మీరూ పలకండి.

(ఇక్కడ వక్త పేరు పలికారు. సభ అంతా మూడుసార్లు పలికింది.)

అక్కా, నువ్వు సిగ్గు పడాల్సిన పని లేదు. సిగ్గు పడాల్సింది నేను. చెక్కే రోజు మొదటి అక్షరం మీద ఉలి పెట్టి మొదటి సుత్తి దెబ్బ నువ్వే వెయ్యాలి. రాయి వంకరపోతే పోనీ. మన చరిత్ర ఏనాడు నున్నగా ఉంది గనక!

జై భీమ్.